ఏటి ఇసుక

రూతమ్మ చిటికెడు ఇసుక నాలిక మీద వేసుకుని, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తుపుక్కున ఉమ్మేసింది.

"ఉప్పు," అంది.

పక్కన తట్ట పట్టుకుని నిలబడ్డ కాంతం కిసుక్కున నవ్వింది. "ఏంటి పిన్నీ, ఇసుకతో కూరొండుతావా?"

"నవ్వకే. నువ్వూ వేసుకు చూడు."

కాంతం వేసుకుంది. నవ్వు ఆగిపోయింది. కొంగుతో నాలిక తుడుచుకుని కుప్ప వంక చూసింది. నిన్న సాయంత్రం కాలువ రేవులో పడవల నుంచి దింపి, బళ్ల మీద తోలిన ఇసుక. పొద్దుటి ఎండలో పంచదారలా మెరుస్తోంది. తక్కిన ఆరుగురు ఆడవాళ్లూ తట్టలు నేల మీద పెట్టి, ఇప్పుడేం చెయ్యాలన్నట్టు రూతమ్మ మొహంలోకి చూశారు.

ఏలూరు ఊరి బయట దొరల క్లబ్బువారి గోల్ఫు మైదానం అది. తొమ్మిది గుంటలు, ఒక్కో గుంట చుట్టూ ఒక్కో గుండ్రటి పచ్చిక. దొరలు వాటిని గ్రీన్లు అనేవారు. పేట నుంచి వచ్చే ఆడవాళ్లకు మాత్రం అవి మళ్లు. ఒకటో మడి, రెండో మడి, అలా తొమ్మిదో మడి వరకు. ఆరేళ్ల కిందట ఆ గడ్డి పిలకలను ఒక్కొక్కటే వేళ్లతో గుచ్చి నాటింది వాళ్లే. నాటు గరిక కాదది. దొరగారు బెంగుళూరు నుంచి గోనెసంచుల్లో తెప్పించిన సుకుమారం గడ్డి. వెంట్రుకంత సన్నం. ఎండ ఎక్కువైనా అలుగుతుంది, నీళ్లు ఎక్కువైనా అలుగుతుంది.

ఏడాది పొడుగునా బూట్ల కింద నలిగి నేల బిగుసుకుపోతుంది. అందుకని యేటా ఫాల్గుణం రాగానే దానికి ఊపిరి పోయాలి. ఎనిమిది మంది వరసగా నిలబడి, నాలుగు ఇనప చువ్వలున్న ముళ్లపారలు నేలలో దిగేసి, కాస్త వెనక్కి వంచి, పైకి లాగి, ఒక అడుగు వెనక్కి వేస్తారు. మళ్లీ దిగేస్తారు. ఊడుపుల్లో నడిచినట్టే వెనక్కి నడక. వరస తప్పదు, బెత్తెడు ఎడం మారదు. ఆ బెజ్జాలు మళ్లీ పూడిపోకుండా వాటిలోకి సన్న ఇసుక ఈతాకు చీపుర్లతో తోస్తారు. పది రోజుల్లో గడ్డి కొత్త వేరు దించి లేచి కూర్చుంటుంది. నిన్న బెజ్జాలు పొడవడం అయింది. ఇవాళ ఇసుక.

"అడుగో పంతులుగారు," అంది కాంతం.

పట్టాభిరామయ్య గొడుగు వేసుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ వస్తున్నాడు. క్లబ్బు హెడ్ గుమాస్తా ఆయన. దొరగారి ఇంగ్లీషును తెలుగు చేసి కూలీలకు, కూలీల తెలుగును ఇంగ్లీషు చేసి దొరగారికి అందించేది ఆయనే. మధ్యలో ఏ ముక్క జారిపోయిందో ఆయన ఒక్కడికే తెలుస్తుంది.

"ఏమే, ఇంకా మొదలెట్టలేదూ?" అన్నాడు పది గజాల దూరంలోనే ఆగి.

"పంతులుగారూ, ఈ ఇసుక తేడాగా ఉందండి. ఉప్పగా ఉంది. మళ్లలో వేస్తే గడ్డి మాడిపోద్దండి."

"ఇసుకకి రుచేమిటే?"

"చిటికెడు నోట్లో వేసుకు చూడండి, మీకే తెలుస్తాది."

"నువ్వు చెయ్యి పెట్టిన ఇసుక నేను నోట్లో వేసుకోవాలా?" పట్టాభిరామయ్య గొడుగు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"కోప్పడకండి. యేటా బళ్ల మీద వచ్చే ఇసుక ఇంత తెల్లగా ఉండదండి. ఇది ఎక్కడిదండీ?"

"ఏటి ఇసుకే. నా చేత్తో చీటీ రాసిచ్చాను. బళ్లన్నీ మిల్లులకి ధాన్యం తోలుతున్నాయని ఈసారి కొల్లేటి సూర్రావు పడవల మీద తెప్పించాను. అదే ఏరు, అదే ఇసుక. దొరగారి కప్పు పోటీ పదమూడు రోజుల్లోకి వచ్చింది. రాజమండ్రి నుంచీ బెజవాడ నుంచీ దొరలొస్తున్నారు. చల్లండి!"

"దొరగారితో ఒక్క మాట చెప్పండి."

"దొరగారికి చెప్పేంత దానివా? చల్లమన్నాను, చల్లు."

రూతమ్మ చల్లలేదు. ఆయన చెప్పుల చప్పుడు క్లబ్బు మెట్లు ఎక్కేదాకా అలాగే నిలబడింది. తర్వాత తట్ట ఎత్తింది. వెనకే ఏడు తట్టలూ లేచాయి.

*

పన్నెండింటికి ఐదో మడి మీద ఉన్నారు. ఎండ నడినెత్తి మీద కొలిమిలా ఉంది. కాంతానికి ఐదో నెల. చీపురు పట్టుకుని వంగినది వంగినట్టే ముందుకు తూలి, మోకాళ్ల మీద కూలబడింది.

"నీళ్లు," అంది. పెదాలు తెల్లగా పిడచకట్టుకుపోయి ఉన్నాయి.

నీళ్లు యాభై అడుగుల్లోనే ఉన్నాయి. క్లబ్బు నుయ్యి. ఆయిల్ ఇంజను డుబుడుబుమంటూ నీళ్లు తోడుతుంటే, రబ్బరు గొట్టంలోంచి నాలుగో మడి మీద చల్లగా చిమ్ముతున్నాయి. నిరుడు దాకా ఇంజను తిప్పే తాతారావు ఆ గొట్టం పైకెత్తి వీళ్ల దోసిళ్లలో పోసేవాడు. ఈ యేడు నూతికి కొత్త సిమెంటు చప్టా కట్టారు. ఆ చప్టాతో పాటే కొత్త కట్టడి వచ్చింది. పేటవాళ్లు ఆ ఛాయలకే రాకూడదు, వాళ్లకు ఎవరూ పొయ్యకూడదు. దాహమైతే కాలువకు వెళ్లాలి. కాలువ వెయ్యిన్నీ అరవై అడుగులు. రూతమ్మ లెక్కపెట్టింది. పోను వెయ్యిన్నీ అరవై, రాను వెయ్యిన్నీ అరవై.

ఆమె సత్తుగ్లాసు తీసుకుని గొట్టం దగ్గరకు నడిచింది. తాతారావు ఇబ్బందిగా అటు తిరిగి నిలబడ్డాడు.

"ఆగక్కడ!" వరండాలోంచి కేక. పట్టాభిరామయ్య పంచె ఎగ్గట్టి పరుగున వచ్చాడు. "ఎవరు రమ్మన్నారు నిన్నిటు?"

"పిల్ల పడిపోయిందండి. కడుపుతో ఉంది. ఒక్క గ్లాసు."

"కాలువ లేదూ?"

"కాలువ దాకా నడిచే ఓపికే ఉంటే పడిపోదు కదండీ. నూతిలో చెయ్యి పెట్టనండి. గొట్టంలోంచి పట్టుకుంటాను. గడ్డి మీద పడే నీళ్లేగా."

"గడ్డి వేరు, నువ్వు వేరు."

"అవునండి. గడ్డికి పేటుండదు."

"ప్రార్థనలు నేర్చుకోగానే నోళ్లు లేస్తున్నాయి," అన్నాడు పట్టాభిరామయ్య. "మీరు మతం మారితే మా నుయ్యి కూడా మారుతుందనుకున్నారా? పో!"

వరండాలో పేకాడుతున్న ప్లీడర్లు ఇద్దరు తలెత్తి చూశారు. బంట్రోతు చూశాడు. తాతారావు ఇంజను వంకే చూస్తున్నాడు. వాళ్లందరికీ వినబడేలా ఆమె గొంతెత్తింది.

"మనిషికి పొయ్యని నీళ్లు తాగే గడ్డి మాడి మసైపోను! తొమ్మిది మళ్లూ బూడిదైపోను!"

తర్వాత కాంతాన్ని లేవదీసి, తాటిచెట్టు నీడన పడుకోబెట్టి, తనే గ్లాసు తీసుకుని కాలువకు నడిచింది. వెయ్యిన్నీ అరవై అడుగులు. తిరిగొచ్చేసరికి గ్లాసులో సగం ఒలికిపోయింది. ఆ సగమే తాగించింది.

సాయంత్రం ఆరో మడి, ఏడో మడి, ఎనిమిదో మడి. ఇప్పుడు రూతమ్మ చెయ్యి వెనకాడలేదు. గుప్పిళ్లకు గుప్పిళ్లు తీసి చల్లింది. చల్లమన్నారుగా. ఇదిగో, చల్లుతున్నాను. తినండి.

తొమ్మిదో మడి దగ్గరకొచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఆరేళ్ల కిందట మొట్టమొదట నాటింది ఆ మడిలోనే. మూల మీద తను నాటిన మొదటి పిలక ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలదు. రేకుల పాక వెనక నిరుడు బళ్ల మీద వచ్చి మిగిలిన తమ్మిలేటి ఇసుక నాలుగు తట్టలుంది. ఎవరితోనూ ఏమీ అనకుండా దాన్ని మోసుకొచ్చి తొమ్మిదో మడిలో వేసింది.

*

శనివారం పొద్దున్నకు ఎనిమిది మళ్లూ ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. కొసలు మాడి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. నీళ్లు పెట్టినకొద్దీ ఇంకా మాడుతున్నాయి.

ప్రెస్కాట్ దొర మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పీకి చూస్తున్నాడు. కాలువల ఇంజనీరు ఆయన, క్లబ్బు సెక్రటరీ కూడా ఆయనే. ఏడాదంతా ఎర్రగా ఉండే మొహం ఇవాళ ఇంకా ఎర్రగా ఉంది. పక్కనే పట్టాభిరామయ్య చేతులు కట్టుకుని ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతున్నాడు. ఆ ఇంగ్లీషులో రూతమ్మకు తెలిసిన మాట ఒక్కటే వినిపించింది. తన పేరు. తర్వాత ఆయన తెలుగులో అన్నాడు, అందరికీ తెలియాలని.

"ఉప్పు కలిపిందండి. కక్షతో. మంగళవారం అందరి ఎదుటా శపించింది, ప్లీడరుగార్లు సాక్షులు. ఈ పేటలో కిందటేడు ఉప్పు వండినవాళ్లతో తిరిగినవాళ్లున్నారండి. ఎవరు చెప్పి చేయించారో ఏమో."

ఉప్పు అన్న తెలుగు మాట దొరగారికి తెలుసు. కిందటేడు సముద్రపు ఒడ్డున ఉప్పు వండినవాళ్ల మీద లాఠీలు విరిగినప్పటి నుంచి దొరలందరికీ తెలుసు. ఆయన లేచి నిలబడి మోకాళ్లు దులుపుకున్నాడు.

"నువ్వు ఉప్పు వేశావా?"

"లేదండి. ఉప్పు ఇసుకలోనే ఉందండి. నేను ముందే పంతులుగారితో చెప్పాను."

దొర పట్టాభిరామయ్య వంక చూశాడు.

"నాతో ఏమీ చెప్పలేదు," అన్నాడు పట్టాభిరామయ్య. కంటి రెప్ప కూడా ఆర్పలేదు.

రూతమ్మ తన వెనక ఉన్న ఏడుగురినీ చూసింది. కాంతం నోరు తెరవబోతే ఎవరో జబ్బ పట్టుకుని ఆపారు. పేటవాళ్ల మాట పేటవాళ్లకే సాక్ష్యమా, అని ఆయన అడిగితే ఏం చెబుతారు?

"సోమవారం పది గంటలు," అన్నాడు దొర, తెలుగు మాటలు వెతుక్కుంటూ. "సబిన్‌స్పెక్టర్ వస్తాడు. నువ్వు నిజం చెప్పాలి. లేకపోతే జైలు. ఎవరూ పని లేదు. ఎనిమిది మంది."

వెళ్లిపోతూ రూతమ్మ ఇసుక కుప్ప ఉన్న చోటు చూసింది. మిగిలి ఉండాల్సిన కుప్ప లేదు. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. దూరంగా బండి ఒకటి ఖాళీగా కాలువ వైపు నుంచి వస్తోంది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అబద్ధం ఆడినందుకు కాదు. ఆయన రుచి చూడకుండానే తెలుసుకున్నాడు. తెలుసుకుని, తుడిపించేశాడు.

*

ఆదివారం మిషను గుడి గంట కొట్టేసరికి పేటంతా తెల్లబట్టలు కట్టుకుని అటు నడిస్తే, రూతమ్మ ఇటు కాలువ రేవుకు నడిచింది. ఏలూరులో చేపలు దింపి తిరిగిపోతున్న పడవ ఎక్కి, మూల ముడుచుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి కొల్లేటి లంకలో దిగింది.

సూర్రావు ఒడ్డున పడవ బోర్లించి తారు పూస్తున్నాడు. మోచేతుల దాకా నల్లగా ఉన్నాడు. ఎవరో, ఎక్కడి నుంచో చెప్పుకున్నాక, పెళ్లాన్ని కేకేశాడు.

"గంగాభవానీ! ఎండలో వచ్చింది, నీళ్లు పొయ్యి."

గంగాభవాని చెంబు తెచ్చి పైనుంచి పోసింది. రూతమ్మ దోసిలి పట్టి తాగింది. ఇక్కడా దోసిలే. కానీ పోసింది. కడుపు నిండేదాకా పోసింది.

"సూర్రావుగారూ, క్లబ్బుకి ఇసుక ఎక్కడిది తెచ్చారండీ?"

"ఏట్లోదే. పంతులుగారు ఏటి ఇసుకని రాశారు. ఏం, బాగాలేదంటున్నారా?" సూర్రావు తారు కుంచె పక్కన పెట్టాడు. "బాగా సన్నంది కావాలని రాశారని మొగ దాకా పోయాను. పోటూ పాటూ చూసుకుని రెండు రోజులు కాసుకు కూర్చున్నాను. అంత సన్నం ఇసుక ఈ జిల్లాలో ఇంకెక్కడైనా దొరుకుద్దేమో చూపించమను!"

"ఏ ఏట్లోదండీ?"

"ఏ ఏరేంటి? మాకున్నది ఒకటే ఏరు. ఉప్పుటేరు."

రూతమ్మ అక్కడే చతికిలబడింది. సముద్రంలో కలిసే మొగ దగ్గర పోటు రోజుకు రెండుసార్లు ఎగదన్నే ఏరు.

"ఏలూర్లో ఏరంటే తమ్మిలేరండీ!"

"తమ్మిలేరా!" సూర్రావు పగలబడి నవ్వాడు. "గంగాభవానీ, ఇన్నావా? నాలుగు నెలలు కూడా నీళ్లుండని దాన్ని ఏరంటారంట ఏలూరోళ్లు!"

రూతమ్మ నవ్వలేదు. మాడిన మళ్ల సంగతి, సబిన్‌స్పెక్టరు సంగతి చెప్పింది. సూర్రావు నవ్వు సన్నగిల్లింది. తారు అంటిన చెయ్యి గడ్డం కింద పెట్టుకున్నాడు, అది అంటుకుందని కూడా చూసుకోకుండా.

"పోలీసులంటున్నావు. ఈ గొడవలో నన్నెందుకు దింపుతావు చెప్పు? రేపు నన్నే లోపలేస్తే?"

"మీ ఇసుకలో నేను ఉప్పు కలిపి పాడుచేశానంటున్నారండి."

"నా ఇసుకలోనా?" ఆయన లేచి నిలబడ్డాడు. "అందులో ఇంకోళ్లు కలపాల్సినంత తక్కువుందా ఉప్పు? ఆ మొగలో ఇసుక పిడికెడు గంజిలో వేస్తే గంజికి ఉప్పు సరిపోద్ది! కలిపిందంట, కలిపింది!"

"ఆ మాట దొరగారి ఎదుట చెప్పండి. చీటీ ఉందా?"

సూర్రావు మొలలోంచి పొగాకు తిత్తి తీశాడు. పొగాకు కింద, నాలుగు మడతల మీద, పసుపు రంగుకు తిరిగిన కాయితం. "ఏటి ఇసుక, మిక్కిలి సన్నది, రెండు పడవలు." కింద సంతకం.

"మడతెట్టింది మడతెట్టినట్టే ఉంచాను," అన్నాడు. "ఏలూరోళ్లతో పని. కాయితం పారెయ్యకూడదని మా అయ్య చెప్పాడు."

*

సోమవారం తొమ్మిదిన్నరకు ఎనిమిదో మడి దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. చీటీ దొర చేతిలో ఉంది. సూర్రావు చెప్పాల్సింది చెప్పేశాడు, మాటకు రెండుసార్లు 'ఆయ్, అంతేనండి' అంటూ. పట్టాభిరామయ్య దాన్ని ఇంగ్లీషు చేస్తుంటే దొర చెయ్యెత్తి ఆపాడు.

"నేను తెలుగు అర్థం చేసుకుంటాను. నెమ్మదిగా."

"చీటీ నాదేనండి," అన్నాడు పట్టాభిరామయ్య. "ఏటి ఇసుక అని స్పష్టంగా రాశాను. వీడెక్కణ్ణుంచి తెచ్చాడో నాకేం తెలుసు? ఇసుక మంచిదే. ఉప్పు తర్వాత చల్లింది."

"ఇసుకేదీ, చూపించండి," అంది రూతమ్మ.

"అయిపోయింది."

"అయిపోలేదండి. శనివారం కాలువలో పోయించారు. ఫర్వాలేదు, నా దగ్గరింకా ఉంది."

ముళ్లపార తీసుకుని ఎనిమిదో మడి మధ్యకు వెళ్లింది. బెజ్జం పక్కన దిగేసి, ఊడలాగి, మట్టి రెండు చేతులతో విడదీసింది. నల్లమట్టి మధ్యలో వేలంత పొడుగున తెల్లటి ఇసుక కణుపులా నిలిచి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుంది. తర్వాత తొమ్మిదో మడికి నడిచింది. దొర వెంట నడిచాడు. అప్పుడే ఆయన చూశాడు. తొమ్మిదో మడి పచ్చగా ఉంది. బెజ్జం బెజ్జానికీ కొత్త మొలక లేచి, పసిబిడ్డ తలలా ఉంది.

"ఇది ఎందుకు పచ్చ?"

"ఇందులో నిరుడు మిగిలిన తమ్మిలేటి ఇసుక వేశానండి."

అక్కడా ఒక బెజ్జం విప్పింది. ఇసుక గోధుమరంగులో ఉంది. రెండు అరచేతుల్లో రెండు ఇసుకలు పట్టుకుని ఎనిమిదో మడికి తిరిగొచ్చి పట్టాభిరామయ్య ముందు నిలబడింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"రుచి చూడండి పంతులుగారూ. మంగళవారం చూడమంటే చూడలేదు."

"ఛీ, అవతలికి పో!"

"ఆవిడ చెయ్యి పనికిరాకపోతే నేను తీసిస్తానండి, ఆయ్," అన్నాడు సూర్రావు. "నా చెయ్యి పనికొస్తాదాండి, పనికిరాదాండి?"

దొర ఆ రెండు అరచేతులనూ చూశాడు, పట్టాభిరామయ్య అడుగులనూ చూశాడు. తనే చిటికెడు తీసుకుని నోట్లో వేసుకోవచ్చు. ఆ మాట ఆయనకూ తట్టినట్టే ఉంది, చెయ్యి కొంచెం కదిలింది. కానీ ఆగాడు.

"పట్టాభిరామయ్యా. రుచి చూడు."

"సార్..."

"చూడు."

పట్టాభిరామయ్య మొహం పాలిపోయింది. రూతమ్మ చేతిలోంచి తీసుకోలేదు. వంగి, పక్క బెజ్జంలోంచి తనే వేలితో ఇసుక గోకి తీశాడు. నాలిక చివర ఆనించాడు. అంతే. ఆయన నోరు ఏమీ చెప్పక ముందే మొహం చెప్పేసింది. మూతి ముడుచుకుంది, కళ్లు చికిలించుకుపోయాయి. ఉమ్మబోయి, దొర చూస్తున్నాడని మింగాడు.

"ఏంటండీ?" అంది రూతమ్మ.

"ఉప్పగా ఉంది," అన్నాడు ఆయన, తన చెప్పుల వంక చూస్తూ.

"పైన కాదండి. నాలుగంగుళాల లోపల. మడికి వెయ్యి బెజ్జాల చొప్పున ఎనిమిది మళ్లలోకి చిటికెడు చిటికెడు ఉప్పు కూరుకుంటూ కూర్చుంటే నాకు ఏడాది పడతాది."

దొర చీటీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. పట్టాభిరామయ్యను వదిలేసి రూతమ్మ వైపు తిరిగాడు.

"నీకు తెలుసు. మంగళవారమే తెలుసు. ఎందుకు చల్లావు?"

రూతమ్మ ఐదు మళ్లు చల్లమన్నందుకు చల్లింది. మూడు మళ్లు కోపానికి చల్లింది. ఆ మూడింటి సంగతి తనకు తెలుసు, దేవుడికి తెలుసు.

"చెప్పానండి, వినలేదు. చల్లమన్నారు, చల్లాం. మా పని అదేనన్నారండి."

"ఇప్పుడు బతుకుతుందా? పోటీకి ఏడు రోజులు ఉంది."

"చవుడు పొలాన్ని ఎలా బాగుచేస్తారండీ? మంచినీళ్లు నిండా పెట్టి, ఒక పూట నిలవబెట్టి, దింపేస్తాం. మళ్లీ పెడతాం. కింద బెజ్జాలున్నాయి కాబట్టి ఉప్పు కిందకి పోద్ది. మూడు రోజులు ఇంజను ఆగకూడదు. కింద నుంచి చిగురు లేస్తాది, వేరు ఇంకా చావలేదు."

"మంచిది. మొదలుపెట్టు."

రూతమ్మ కదలలేదు. మైదానం అంచున ఏడుగురు ఆడవాళ్లూ వచ్చి నిలబడి ఉన్నారు. కాంతం చెట్టు మొదలుకు ఆనుకుని ఉంది.

"ముందు మేం తాగాలండి," అంది.

"ఏమిటి?"

"ఆ నూతిలో నీళ్లు. ముందు మేం తాగాలి. తర్వాత గడ్డి తాగుద్ది."

దొరకు అర్థం కాలేదు. నూతి వంక చూశాడు, ఆడవాళ్ల వంక చూశాడు. "ఎందుకు తాగరు? ఎవరు వద్దన్నారు?"

ఇంజను పక్కన తాతారావు తల దించుకున్నాడు. ఆరేళ్లుగా రోజూ సాయంత్రం ఈ మైదానంలో తిరుగుతున్నాడు ఈయన, అనుకుంది రూతమ్మ. బంతి ఏ గడ్డిపోచ కింద దాక్కున్నా వెతికి పట్టుకుంటాడు. ఈ యేడు ఎనిమిది మంది ఆడవాళ్లు ఎండలో కాలువకు నడవడం మాత్రం ఒక్కసారి కూడా కంటబడలేదు. ఆయనకు దండం పెట్టబుద్ధి కాలేదు. పెట్టలేదు.

"తాగండి," అన్నాడు దొర.

చప్టా మీద కాలు పెట్టేటప్పుడు రూతమ్మ చెప్పులు విప్పలేదు, ఎందుకంటే చెప్పులు లేవు. గిలక మీద చేంతాడు సర్రున జారింది. బకెట్టు మునిగిన చప్పుడు కింద నుంచి వచ్చింది. తోడింది. మొదటి గ్లాసు కాంతానికి ఇచ్చింది. కాంతం గ్లాసు పెదాలకు ఆనించుకుని, కళ్లు తెరిచి పట్టాభిరామయ్య వంకే చూస్తూ గుటకలు మింగింది. ఆయన మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయాడు.

సబిన్‌స్పెక్టరు పదింటికి వచ్చి, చల్లగా ఒక నిమ్మసోడా తాగి వెళ్లిపోయాడు.

*

మూడు రోజులు ఇంజను ఆగలేదు. నాలుగో రోజున మాడిన కొసల కింద సూదిమొనల్లాంటి పచ్చదనం కనబడింది. పోటీ నాటికి గడ్డి ఒత్తుగా లేదు గాని, బంతి దొర్లేంత ఉంది. కప్పు ఎవరో బెజవాడ దొర పట్టుకుపోయాడు. పట్టాభిరామయ్య ఉద్యోగానికి ఏమీ కాలేదు. దొరగారికి ఇంగ్లీషు రాసిపెట్టేవాళ్లు కావాలి. రూతమ్మ దగ్గర తప్పయిందని ఒక్క మాట ఎవరూ అనలేదు.

నూతి సంగతి మాత్రం ఊరంతా పాకింది. పేటవాళ్లు తోడిన నూతిలో నీళ్లు ముట్టమని ప్లీడర్లు భీష్మించుకున్నారు. క్లబ్బులోకి సోడాలు పెట్టెలు పెట్టెలుగా దిగాయి. సోడా కూడా ఎవరు పట్టిందోనని పట్టాభిరామయ్య దాన్ని ముట్టడు. పారే నీటికి అంటు లేదట. అందుకని ఆయన రోజూ పన్నెండు కొట్టగానే ఇత్తడి చెంబు పట్టుకుని, మైదానం మీదుగా కాలువకు బయలుదేరేవాడు.

ఆ రోజు ఆరో మడిలో రెండో విడత బెజ్జాలు పొడుస్తున్నారు. రూతమ్మ వరసలో ఉంది. ముళ్లపార దిగేస్తూ తలెత్తి చూసింది. ఎర్రటి ఎండ. ఆయన గొడుగు పక్కకు వాలిపోయి ఉంది, చెంబు చేతులు మారుతోంది. సగం దూరం కూడా పోలేదు. ఇంకా ఐదు వందల అడుగుల పైమాటే.

కాంతం చీపురు ఆపి నవ్వింది. "పాపం పంతులుగారు. కేకెయ్యనా పిన్నీ, మన నూతిలో నీళ్లు చల్లగా ఉన్నాయని?"

"వెయ్యి," అంది రూతమ్మ. "రమ్మను. వచ్చి దోసిలి పట్టమను. పైనుంచి పోద్దాం."

కాంతం నవ్వు నోట్లోనే ఆగిపోయింది. పిన్ని నవ్వడం లేదు. పాదం పార మీద పెట్టి, ఒంటి బరువంతా వేసి, నాలుగు చువ్వలూ నేలలోకి దిగేసింది. వెనక్కి వంచింది. లాగింది. ఒక అడుగు వెనక్కి వేసింది.